ఏడు గుండ్ల తుపాకి

"ఆదివారానికల్లా ఇది తళతళలాడిపోవాలి" అంటూ తుప్పు పట్టిన తుపాకిని తాళాల మేస్త్రీ బల్ల మీద పడేశారు మనవడుగారు.

ఆయనకు పేరు లేక కాదు. ఎవరు కనబడినా "నేను ఫలానా వీరుడి మనవణ్ణి" అనే మొదలుపెడతారు కనుక అందరికీ మనవడుగారే అయిపోయారు. ఆదివారం ఆ వీరుడి విగ్రహాన్ని నాలుగు రోడ్ల కూడలిలో ఆవిష్కరిస్తున్నారు. తాతగారి తుపాకిని అక్కడే గాల్లోకి పేల్చే భాగ్యం ఎలాగూ మనవడుగారిదే.

"దీని చరిత్ర తెలుసా నీకు?"

"తెలీదండీ" అన్నాడు మేస్త్రీ.

తెలియదన్నవాణ్ణి వదిలే రకం కాదాయన. దొంగల నాయకుడొకడు ఊరి మీద పడ్డాడు. జనం మంచాల కింద దూరారు. తాతగారొక్కరే ఏటిగట్టున నిలబడి ఏడుసార్లు కాల్చారు. ఏడుకు ఏడూ తగిలాయి. దొంగ ఏట్లో పడి కొట్టుకుపోయాడు, శవం కూడా దొరకలేదు. తాతగారు మళ్లీ తుపాకి ముట్టలేదు, ఆ అవసరం రాలేదు.

"అంత గొప్ప తుపాకికి ఈ గతేంటండీ?"

ఇన్నేళ్లూ దాన్ని మనవడుగారింట్లో దొడ్డి తలుపుకు అడ్డగడియగా వాడారు.

"నీకెందుకోయ్ అవన్నీ? పని చూడు. ఏమైనా తేడా వచ్చిందంటే కొట్టు ఖాళీ చేయిస్తా. అద్దెకిచ్చింది నేనేనని గుర్తుంచుకో."

ఆయన వెళ్లగానే పక్క కొట్టు టైలరు మెషిను ఆపి వచ్చాడు. విగ్రహానికి కప్పే ముసుగు కుట్టేది అతనే. దాని రంగు ఇప్పటికే మూడుసార్లు మార్పించిన మనవడుగారంటే అతనికి ఒళ్లు మంట.

మేస్త్రీ పనిమంతుడు. ఊళ్లో అతను తీయలేని తాళం లేదు. ఆ చేతివాటం తాతల నాటినుంచీ వస్తోందని గర్వంగా చెప్పుకుంటాడు కూడా. ముందుగా ఓ ఇనప కడ్డీ తీసి తుపాకి మూతిలో దింపాడు. అది సగానికల్లా ఆగిపోయింది.

మూతిలోంచే మందూ గుండూ కూరే పాతకాలపు తుపాకి అది. అలాంటివాటిలో ఒక గుండు మిగిలిపోవడం మామూలే. కానీ ఒక్క గుండు సగం గొట్టాన్ని ఆక్రమించదు కదా.

లోపల నూనె పోసి, మందు తడిసి చచ్చేదాకా నానబెట్టాడు. మర్నాడు కడ్డీ చివర మరమేకు బిగించి లాగితే సీసం గుండు ఒకటి ఊడొచ్చింది. దాని వెనక మందు ముద్ద. దాని వెనక ఇంకో గుండు. టైలరు లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఏడు దగ్గర గొట్టం ఖాళీ అయింది.

టైలరు నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "అంటే ఒక్కటీ పేల్లేదా?"

"మీట నొక్కగానే పైన పేలే మందు బిళ్ల ఉంటుంది చూడు, దాని నిప్పు లోపలికి పోయే బెజ్జం పూడుకుపోయింది. బిళ్ల టప్పుమన్నప్పుడల్లా గుండు పోయిందనుకుని ఇంకోటి కూరాడు. పాపం, కళ్లు గట్టిగా మూసుకుని కాల్చి ఉంటాడు."

"మరి ఆ దొంగ?"

"నాకేం తెలుసు?"

సరిగ్గా అప్పుడే మనవడుగారు వచ్చారు. బల్ల మీద వరసగా ఉన్న గుండ్లను చూశారు, లెక్కపెట్టుకున్నారు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. కొట్టు తలుపు ఆయనే దగ్గరికి వేశారు.

"మేస్త్రీగారూ" అన్నారు. ఆ గారు వినడం మేస్త్రీకి అదే మొదటిసారి. "మా ఇంట్లో పుట్టిన ప్రతివాడూ ఈ ఏడు గుండ్ల పేరు చెప్పుకునే బతికాడండీ. నాకింకేముంది చెప్పుకోడానికి? ఇది బయటికి పొక్కితే తలెత్తుకు తిరగలేను."

ఆయన ఏడ్చినంత పని చేశారు. వెనకనుంచి టైలరు 'వదలకు' అన్నట్టు కళ్లెగరేస్తున్నాడు.

మేస్త్రీ స్టవ్వు వెలిగించి, ఏడు గుండ్లనూ ఇనప గరిటెలో వేసి కరిగించేశాడు. ఏడూ కలిసి ఒక ముద్దయ్యాయి.

"మీ తాతగారి గుండ్లు దొంగ ఒంట్లో ఉన్నాయండీ. లోకమంతా ఎరిగిన సంగతే కదా."

మనవడుగారు అతన్ని కావలించుకున్నారు. చొక్కాకి మసి అంటినా పట్టించుకోలేదు.

తర్వాత మేస్త్రీ గొట్టాన్ని ఇత్తడి తీగల బ్రష్షుతో తోమాడు, మరిగే నీళ్లతో కడిగాడు, బెజ్జం తవ్వాడు, నూనె పట్టించాడు. ఆదివారం జనం మధ్యలో మనవడుగారు కళ్లు గట్టిగా మూసుకుని మీట నొక్కారు. తుపాకి తన జన్మలో మొదటిసారి పేలింది. చప్పట్లే చప్పట్లు.

టైలరు మాత్రం కుతకుతలాడిపోయాడు. "నిన్ను వీధిలో పెడతానన్న మనిషి చేతికి చిక్కితే వదిలేశావు. పైగా నా చేత కూడా ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నావు. అంత మంచితనం ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందయ్యా నీకు?"

మేస్త్రీ అటూ ఇటూ చూసి, అతని చెవి దగ్గరికి వంగాడు.

"మా నాయనమ్మ ఇంకా బతికే ఉంది, మా తాత ఆవిణ్ణి పెళ్లికి ఒప్పించింది ఆ ఏడు గుండ్లూ ఒంట్లో పెట్టుకుని ఏరు ఈదొచ్చానని చెప్పే."