కారణం: అజ్ఞానం

పోస్ట్‌మాన్ ఇంకా గేటు దాటనేలేదు, నతానియేలు కవరు చించేశాడు. రెండు వాక్యాలు చదివి కేక పెట్టాడు.

"సరసూ, ఒప్పుకున్నారు! హైదరాబాదు సదస్సులో నన్ను మాట్లాడమన్నారు!"

సరస్వతి పిండి చేతులతోనే వసారాలోకి పరుగెత్తుకొచ్చింది. పెళ్లయి ఆర్నెల్లు. ఆయన అరిచినా ఆమెకు నవ్వే, తుమ్మినా నవ్వే. ఉత్తరం అందుకోబోయి ఆయన ముక్కుకు పిండి అంటించింది. నంద్యాల ఎండ కూడా ఆ పూట ముద్దుగానే ఉంది.

టైఫాయిడ్ మాత్రలు ఎందుకు పనిచేయకుండా పోతున్నాయన్నది నతానియేలు పరిశోధన. జ్వరం తగ్గగానే జనం మందు ఆపేస్తారు, చావకుండా మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగవు అని ఆయన వాదన. దానికోసం పెళ్లయిన కొత్తలోనే, ఎనభై నాలుగు వేసవిలో, ఆళ్లగడ్డలో ఇల్లు అద్దెకు తీసుకుని సరస్వతిని అక్కడే ఉంచి రెండు నెలలు తిరిగాడు. పల్లెలకు పోతే మూడు నాలుగు రోజులకు గాని వచ్చేవాడు కాదు. అప్పుడు సరస్వతికి తోడు అక్కడి పక్కింటి బాలమ్మే. రాతి విగ్రహాలకు నునుపు పట్టే కూలిపని ఆమెది.

ఆ బాలమ్మే ఇప్పుడు గేటు పట్టుకుని నిలబడింది. టైఫాయిడ్ తిరగబెట్టి, ఇరవై రోజులు నంద్యాల ఆసుపత్రిలో ఉండి, ఆ పొద్దే బయటికొచ్చింది.

"ఊరికి పోతాండా పాపా. ఒకతూరి చూసిపోదామని వచ్చినా. ఒళ్లు బాగుండాదా నీకు?"

"నాకేం బాలమ్మా, ముందు నువ్వు కూచో." సరస్వతి ఆమె మొహం చూడకుండా పీట వేసింది.

నతానియేలు మంచి హుషారుగా ఉన్నాడు. "సమయానికొచ్చినావు! హైదరాబాదులో చెప్పబోయేది నీ కథే. పద్నాలుగు రోజులకు మాత్రలిస్తే ఆరోనాడే ఆపేస్తివి. మిగతావి ఏం చేసినావు?"

"పారేసినా నాయనా."

"యాడ?"

"కాలువలో."

"మొన్న ఆసుపత్రిలో అడిగితే దాచిపెట్టినానంటివే?"

బాలమ్మ నేల చూసింది. "దాసి... మళ్లా పారేసినా."

ప్రహరీ మీంచి పక్కింటి కమలమ్మ తల కనబడింది. "ఊరికే ఇస్తే ఇట్లనే సార్. అమ్ముకునింటుంది."

"లేదమ్మా! దేవుని సాచ్చిగా అమ్ముకోలేదు."

"అమ్మినా ఒకటే, పారేసినా ఒకటే," అన్నాడు నతానియేలు. "రెండోసారి ఆ మందుకు నీ జ్వరం లొంగిందా? కర్నూలు నుంచి వేరే మందు తెప్పించకుంటే నిన్ను పెట్టెలో పెట్టి పంపించేటోళ్లు. చదువుకున్నోళ్లు ఎవరన్నా చేస్తారా ఈ పని? బుద్ధి ఉండాదా నీకు?"

"తప్పే నాయనా." కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ అంది బాలమ్మ. సరస్వతి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"చాలండీ. మనిషికి నిలబడే ఓపిక లేదు," అంది సరస్వతి. ఆయన నివేదిక సాఫుగా తిరగరాసింది తనే. బాలమ్మ పేరుకెదురుగా 'కారణం: అజ్ఞానం' అని ఆయన చెబుతుంటే, గుండ్రంగా, అందంగా రాసింది. అక్షరాలు ముత్యాలని ఆయన మెచ్చుకుంటే ఆ రోజు నవ్వింది కూడా.

బాలమ్మ సగం గ్లాసు మజ్జిగ తాగి, మిగతాది వదిలేసి లేచింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా కమలమ్మ తల ప్రహరీ మీంచి కదల్లేదు.

"నేను మరీ కసిరినానంటావా?" అన్నాడు నతానియేలు. "కసరకపోతే వినరు సరసూ. రేపు పొద్దున మొదటి బస్సుకు ఆళ్లగడ్డ పోతున్నా. ఆ వీధిలో వాళ్లందరినీ కూర్చోబెట్టి, బాలమ్మను ముందర నిలబెట్టి చెప్తా. చూస్తే భయపడతారు. ఫోటో కూడా తీసి హైదరాబాదులో చూపిస్తా."

"ఆమెను నిలబెట్టొద్దు."

"మరెవర్ని నిలబెట్టాల?"

సరస్వతి చేతులకు ఎండిపోయిన పిండిని గోళ్లతో గీరుకుంది. తలెత్తింది.

"రేపు నేనూ వస్తా. నన్ను నిలబెట్టండి."

"నిన్నా? నువ్వేం చేసినావని?"

"మీరు పల్లెల్లో ఉన్నప్పుడు నాకూ జ్వరమొచ్చింది. ఆ మిగతా మాత్రలు మింగింది నేనే."