లోపలి గొళ్ళెం

"అనసూయా, గొళ్ళెం తియ్యి!" నాగభూషణం బాత్రూము తలుపును రెండు చేతులతో బాదాడు.

లోపల నీళ్ళ చప్పుడొక్కటే వినిపిస్తోంది.

పక్షవాతంతో అతని భార్య కుడిచెయ్యి పడిపోయి ఎనిమిది నెలలైంది. అప్పటినుంచీ కోడలు సులోచనే స్నానం చేయిస్తోంది. పాత షవరు సన్నగా కారుతుందని, ఒళ్ళంతా తడిపే వెడల్పాటి షవరు హనుమకొండలో కొని ఆ ఉదయమే పెట్టించాడు. సులోచన సబ్బు కోసం ఇవతలికి రాగానే అనసూయ గొళ్ళెం పెట్టేసుకుంది.

"బతికి ఏం ఫాయిదా అని నిన్న ఏడ్సింది మామయ్యా," అంది సులోచన.

నాగభూషణం పెరట్లోంచి గడ్డపార తెచ్చి తలుపు సందులో దూర్చాడు.

"తలుపు పలగ్గొట్టకుండ్రి!" లోపలినుంచి అనసూయ అరిచింది. "మంచిగనే ఉన్న. స్టూలు మీద కూసున్న."

"మరి గొళ్ళెం ఎందుకు పెట్టినవే? ఈడ మా పానం పోతాంది!"

"ఎనిమిది నెలల సంది ఒకల ముందట బట్టలిప్పుకొని కూసుంటాన. సులోచన బంగారమే, కాదంట లేను. గని నేను సిగ్గుతోని సచ్చిపోతాన. ఈ షవరు కింద చెంబు ఎత్తే పని లేదు. ఇయాల నా ఒళ్ళు నేనే కడుక్కుంటాన. జరసేపు ఉండనియ్యిండ్రి."

నాగభూషణం చప్పుడు కాకుండా గడ్డపారను గోడకు ఆనించాడు. సులోచన కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

లోపల నీళ్ళ ధార పలచబడసాగింది.

"బిడ్డా, మిద్దె మీద డ్రమ్ముల నీళ్ళు అయిపోతానయి," అంటూ అతను రెండు బకెట్లు అందుకొని బావి దగ్గరికి పరుగెత్తాడు.