తాతయ్య లూనా

ఆ ఉదయం ఇంట్లో తాతయ్య బుల్లయ్య, నాయనమ్మ సుబ్బరావమ్మ, కొడుకు శివరామకృష్ణ, కోడలు, మనవరాలు అఖిల ఉన్నారు. తాతయ్యను గుండె స్కానింగుకు గుంటూరు తీసుకుపోవడానికి డ్రైవరు బుడాన్ వాకిట్లో ఆటో సిద్ధంగా పెట్టాడు. వరండాలో బస్తాడు ఉల్లిపాయలు కనిపిస్తే ఎవరు కొన్నారని కోడలు అడిగింది. ఆ హడావుడిలో ఎవరూ పలకలేదు.

తాతయ్య ఆటోలో కాలు పెట్టబోతుంటే నాయనమ్మ అంది. "ఏమయ్యా, చెప్పడం మరిచా. చావిట్లో నీ లూనా లేదు. పాత ఇనుముకి వేసేశా."

తాతయ్య కాలు గాల్లోనే ఆగింది. ఆ లూనా మోపెడ్ నడవక ఎన్నో ఏళ్లయింది. అయినా ఒంట్లో బాగున్నన్నాళ్లూ దాన్ని తుడుస్తూనే ఉన్నాడు. ఆయాసం పట్టుకున్నాకే చావిడి వైపు పోవడం మానేశాడు. ఇప్పుడు భార్య మొహంలోకి ఒకసారి చూశాడు. నిజమేనని తెలిసిపోయినట్టుంది. నోరు గట్టిగా మూసుకుని ఆటో ఎక్కాడు.

గుండె బాగాలేని మనిషికి ఇయ్యాలే చెప్పాలా అని శివరామకృష్ణ తల్లి మీద విసుక్కున్నాడు. అఖిల తలొంచుకుంది. ఆ మాట అఖిలే అల్లి చెప్పించిందని నాయనమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

పోయిన వారం స్కానింగు పాడైంది. అది మామూలు ఫోటో కాదు. గుండె కండలో చుక్క చుక్కకీ ఒక అంకె కొలుస్తుంది. వాపు ఉంటే మందులతో తగ్గుతుంది. కండ గట్టిపడి మచ్చ కట్టి ఉంటే ఛాతీలో మిషన్ పెట్టాల్సి రావచ్చని డాక్టరుగారు చెప్పారు. ఆ కొలత కుదరాలంటే ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండాలి. తాతయ్యకు అదే చేతకాలేదు. చెవిలో "ఊపిరి ఆపండి" అని వినపడ్డప్పుడల్లా, "అట్టాగేనమ్మా" అని బదులిచ్చాడు. ఎవరైనా మాట్లాడితే పలక్కపోవడం మర్యాద కాదని ఆయన పట్టుదల.

ఆయన పలకనిది ఒక్కరికే. అలిగితే నాయనమ్మ పక్కన నిలబడి పిలిచినా పెదవి విప్పడు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని అఖిల, నిన్న మిరపకాయలకు తొడిమలు తీస్తూ నాయనమ్మ చెవిలో గుసగుసగా చెప్పింది ఈ ఉపాయమే.

ఆసుపత్రిలో స్కానింగు చేసే అమ్మాయి పేరు మెహర్. ఒంటి మీద ఇనుమేమైనా ఉందా అని ఆమె అడిగితే తాతయ్య నిట్టూర్చాడు.

"ఇంట్లోనే లేకుండా చేశారు తల్లీ. ఒంటి మీద ఎక్కడిది?"

లోపల పడుకోబెట్టి మొదలుపెట్టారు. మెహర్ ఊపిరి ఆపమంది. అట్టాగేనమ్మా అన్నాడు. మెహర్ తల పట్టుకుంది. అప్పుడు అఖిల నాయనమ్మను ముందుకు నెట్టింది. నాయనమ్మ మైకు తనకిమ్మని అడిగింది. మెహర్ ముందు నవ్వింది, తర్వాత ఇచ్చింది.

"ఏమయ్యా, నేనే. ఊపిరి పీల్చు. వదులు. ఇక ఆపు."

లోపలినుంచి చడీచప్పుడు లేదు. అద్దంలోంచి చూస్తే తాతయ్య దవడ బిగిసి ఉంది. బొమ్మ తర్వాత బొమ్మ అద్దం తుడిచినంత స్పష్టంగా వచ్చింది. పెద్దమ్మా, మీరు రోజూ డ్యూటీకి రండి అంది మెహర్.

సాయంత్రం డాక్టరుగారు తెర మీద బొమ్మ చూపించారు. రంగురంగుల గాజులా గుండ్రంగా ఉంది. ఒక పక్క అంకెలు ఎక్కువున్నాయి, అక్కడ వాపుంది, మచ్చ జాడ ఎక్కడా లేదు అన్నారు. మందులు చాలన్నారు. శివరామకృష్ణ కళ్ళు తుడుచుకున్నాడు. తాతయ్య డాక్టరుగారికి దణ్ణం పెట్టాడు గానీ భార్య వైపు తిరగలేదు.

తిరుగు దారిలో సత్తెనపల్లి దాటాక కూడా ఆయన భార్య వైపు చూడకుండా మొహం తిప్పుకునే ఉన్నాడు.  అఖిల ఇక ఉండలేక నోరు విప్పింది.

"తాతయ్యా, లూనా చావిట్లోనే ఉంది. నాయనమ్మతో ఆ అబద్ధం నేనే చెప్పించా. నువ్వు అలిగితేనే పలకవని."

తాతయ్య అఖిల వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. ఆటో ఊగిపోయేటట్టు నవ్వాడు. బుడాన్ కూడా బండి ఆపి నవ్వాడు. ఏమే సుబ్బరావమ్మా, నన్నే బోల్తా కొట్టించావా, నీకిన్ని వేషాలు ఎప్పుడొచ్చాయే అని దారంతా భార్యతో మాట్లాడుతూనే ఉన్నాడు. నాయనమ్మ మాత్రం ఒక్కదానికీ బదులివ్వలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

ఇల్లు రాగానే తాతయ్య తిన్నగా చావిట్లోకి నడిచాడు. నాయనమ్మ తిన్నగా గదిలోకి నడిచింది. వెనకే వెళ్తున్న అఖిల వరండాలో ఆగిపోయింది. పాత ఇనుముకి ఉల్లిపాయలిచ్చే బండి నిన్న సాయంత్రం వీధిలో అరుచుకుంటూ పోవడం గుర్తొచ్చింది. బస్తా వైపు చూసింది. గది గుమ్మంలో నిలబడిన నాయనమ్మ వైపు చూసింది.

"అఖిలా, ఎక్కడే లూనా?" చావిట్లోంచి తాతయ్య గొంతు.

"నాకు అబద్ధం చెప్పడం చేతకాదే. చెప్తే నా మొహంలోనే తెలిసిపోద్ది ఆయనకి. అందుకే ముందు వేసేసి, తర్వాత చెప్పా," అని నాయనమ్మ అఖిల మొహం మీదే తలుపేసింది.