ఉపేంద్ర హస్తవాసి

"ఏటమ్మా, మళ్ళీ తెల్లగా అయిపోనాది?" అంటూ కూర్మయ్య కంప్యూటర్ వైపు వేలు చూపించాడు. బొబ్బిలిలో ఎరువుల షాపు అతనిది.

తెర మీద ఒక్క అక్షరం లేదు. కౌంటరు ముందు యూరియా కోసం రైతులు వరసగా నిలబడ్డారు. ఊడుపుల రోజులు. బిల్లు రాందే మూట కదలదు.

రాగసుధ కంప్యూటర్ ఆపి మళ్ళీ వేసింది. అయినా అంతే. విజయనగరంలో ఆమె పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు, షాపుల బిల్లింగ్ ప్రోగ్రామ్‌ని కొత్త ఫ్రేమ్‌వర్క్‌లో తిరగరాయించి ముందుగా ఈ షాపులోనే పెట్టింది. తిరగరాసింది రాగసుధే. రోజంతా బాగా నడుస్తుంది గానీ పొద్దున్న షట్టరెత్తగానే ఇదే తంతు.

ఆమె వెనకాల అదే ఆఫీసులో పనిచేసే ఉపేంద్ర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ముఖం దిగులుగా పెట్టాడు గానీ లోపల హాయిగా ఉంది. ఉండదా మరి? పాత ప్రోగ్రామ్ రాసింది తను. ఏళ్ళ తరబడి దాన్ని సాకింది తను. కొత్తది మాత్రం నిన్నగాక మొన్న వచ్చిన ఈ పిల్ల చేతిలో పెట్టారు. ఆఫీసులో ఎవరైనా "రాగసుధ భలే చేసింది" అంటే చాలు, అతనికి ఆ పూట అన్నం సహించేది కాదు. పైగా కొత్త ప్రాజెక్టుకి లీడ్ ఎవరో ఇవాళ తేల్చేస్తానని ఆఫీసు యజమాని నరసింగరావు స్వయంగా వచ్చి, బస్తాల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

తెల్ల తెర ఎందుకొస్తోందో ఉపేంద్రకి మొదటి రోజే తెలుసు. నెట్ లేకపోయినా నడవాలని అతని పాత ప్రోగ్రామ్ తన కాపీ ఒకటి కంప్యూటర్లో దాచుకుంటుంది. పొద్దున్న తెరవగానే ఆ కాపీ లేచి కొత్తదానికి అడ్డం పడుతోంది. మూడు మీటలు కలిపి నొక్కితే ఆ పూటకి తప్పుకుంటుంది. కొత్త ప్రోగ్రామ్‌లో ఒక్క లైను రాస్తే శాశ్వతంగా పోతుంది. ఆ లైను ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నాడు.

"అన్నయ్యా, పాత ప్రోగ్రామ్ కంప్యూటర్లో ఏదైనా దాచుకుంటాదా?" అని రాగసుధ మెల్లగా అడిగింది.

"ఏమోనమ్మా. అలాటిదేం లేదు. మీ కొత్తదాంట్లోనే ఏదో తేడా ఉన్నాది," అన్నాడు ఉపేంద్ర.

వరసలో ముందున్న గురమ్మకి ఓపిక నశించింది. "ఒలే పిల్లా, అక్కడ నారు ముదిరిపోతన్నాది. నా మూట నాకిచ్చీసి ఆనక ఎంతసేపైనా సూసుకో."

రాగసుధ ముఖం కందిపోయింది. నరసింగరావు గొంతు సవరించుకున్నాడు. ఉపేంద్రకి ఇంతకంటే మంచి అదను దొరకదు.

"లెగమ్మా, నేను సూస్తాను," అని బీరువా పక్కనున్న ఆమె కుర్చీలో కూర్చున్నాడు. కీబోర్డు కనపడకుండా వీపు అడ్డం పెట్టి మూడు మీటలూ నొక్కాడు. తెర మీదికి బిల్లు వచ్చేసింది.

"సూసినారా బాబూ," అన్నాడు కూర్మయ్య నరసింగరావుతో. "మొన్నా ఇంతే, నిన్నా ఇంతే. ఈ బాబు సెయ్యి పడితే సాలు, అదే లెగిసి కూకుంటాది. హస్తవాసంటే ఇదీ."

"నాదేటుంది లెండి," అని ఉపేంద్ర వినయంగా తల వంచుకుని, ఓరకంట రాగసుధని చూశాడు. ఆమె ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి ఓ బస్తా మీద కూర్చుంది. ఏడుస్తుందేమోనని చూశాడు. ఏడవలేదు. అదొక్కటే అతనికి వెలితిగా తోచింది.

రద్దీ తగ్గాక నరసింగరావు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నాకు తేలిపోయిందోయ్. సోమవారం నుంచి ఎరువుల షాపులన్నిట్లో కొత్త ప్రోగ్రామ్ పెట్టేస్తన్నాం, నెల్లిమర్ల నుంచి శ్రీముఖలింగం దాకా. నువ్వు లేకపోతే ఈ పనవ్వదు."

ఉపేంద్ర ఛాతీ పొంగింది.

"రోజుకో ఊరు. పొద్దున్న షట్టరెత్తే వేళకి నువ్వక్కడుండాల. బండికి పెట్రోలు మనదే. ఆఫీసులో లీడ్‌గా రాగసుధ సూసుకుంటాది."

ఉపేంద్ర ఇంక ఆగలేకపోయాడు. "అదేటండీ, దానికి నేనెందుకు తిరగాల? పాత కాపీ అడ్డం పడతన్నాదంతే. కొత్తదాంట్లో ఒక్క లైను రాస్తే మరి రాదు."

అనేశాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు. నరసింగరావు భుజం మీది చెయ్యి తీసేశాడు. "ఎప్పట్నుంచి తెలుసోయ్ నీకు?"



"ఆ లైను ఇప్పుడే పెట్టేసేనండి," అంటూ రాగసుధ బస్తా మీద నుంచి లేచింది. "అన్నయ్య వీపు అడ్డం పెట్టినా, పక్కనున్న బీరువా అద్దంలో వేళ్ళు కనబడ్డాయి. ఏ మీటలు నొక్కేరో చూసేక మిగతాది అర్థమయిపోయింది." ఆమె షాపు కంప్యూటర్ ఆపి వేసింది. ఉపేంద్ర చెయ్యి పడకుండానే బిల్లు వచ్చింది.

సిగ్గుతో చచ్చిపోతున్నా ఉపేంద్రకి ఒక్క ఊరట మిగిలింది. "అయితే నేనింక ఊళ్ళు తిరగక్కర్లేదు కదండీ?"

నరసింగరావు జవాబు చెప్పేలోపే, అప్పటిదాకా పక్కకెళ్ళి ఫోన్లో మాట్లాడుతున్న కూర్మయ్య నవ్వుకుంటూ వచ్చాడు.

"ఆ లైనూ గీనూ మాకు తెలవదు బాబూ. నీ హస్తవాసి గురించి మా డీలర్లందరికీ సెప్పీసినాను, నీ సెయ్యి పడందే ఒక్కడూ బోణీ సెయ్యడంట. సోమారం నెల్లిమర్లోళ్ళు కొబ్బరికాయ పట్టుకుని నీకోసం సూస్తుంటారు, తెల్లారేసరికి ఎల్లిపో."