వారానికో జబ్బు

"తెల్లబట్ట అవుతా ఉంది తల్లీ. దురద కూడా."

బసవమ్మ గొంతు తగ్గించలేదు. గుమ్మం దాకా ఉన్న వరసంతా వింది.

పొదిలి దగ్గరి ఆ చిన్న ఆసుపత్రికి డాక్టర్ ఆశ్రిత కొత్త. తలెత్తకుండానే మాత్రలు రాసింది. పక్క బల్ల మీద ఓపీ చీటీలు రాసే జయపాల్ నవ్వాపుకున్నాడు.

"ఎన్నాళ్లు మింగాలి? అన్నం తిన్నాకా, ముందా?" బసవమ్మ రెండుసార్లు అడిగి, పెదాలు కదుపుతూ గుర్తుపెట్టుకుని వెళ్లింది.

పై వారం మూత్రానికి పోతే మంట అంది. ఆ పై వారం మగడితో కలిస్తే నొప్పంది.

"బల్ల మీద పడుకో, పరీక్ష చేస్తాను."

"వద్దులే తల్లీ. మాత్ర రాసియ్యి చాలు."

అరవై దగ్గరపడ్డ మనిషి. మిరపకోతల కూలీ. ఆమె లోపలికొస్తే చాలు, వరసలో నవ్వులు మొదలయ్యేవి. ఆశ్రితకి చెవులు వేడెక్కేవి.

నాలుగో వారం బసవమ్మ, "కలిసినాక నెత్తురు పడతా ఉంది" అంది.

జయపాల్ పెన్ను ఆగింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"ఈ వయసులో నీకివన్నీ ఏంటమ్మా?" ఆశ్రిత విసుక్కుంది. "వారానికో జబ్బు చెప్తావు. పరీక్షకి ఒప్పుకోవు. ఇంతమందిలో సిగ్గనిపించదా?"

"నాకేం సిగ్గు తల్లీ. మందిస్తే పోతా."

"పరీక్ష చేయకుండా ఇవ్వను."

బసవమ్మ వెళ్లిపోయింది.

ఆ వయసులో నెత్తురంటే తేలిగ్గా తీసుకోకూడదని ఆశ్రితకి తెలుసు. మళ్లీ వచ్చినప్పుడు నచ్చజెప్పి పరీక్ష చేద్దామనుకుంది. ఆమె మళ్లీ రాలేదు.

మిరపకోతలు ముగిసే రోజుల్లో అంకమ్మ అనే ముప్పై ఏళ్ల కూలీ వచ్చింది.

"నీరసమండి" అంది. అని జయపాల్ వైపు చూసి తలొంచుకుంది.

ఆశ్రిత ఆ చూపు గమనించింది. జయపాల్‌ని బయటికి పంపి తలుపు వేసింది. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఇక్కడ నువ్వూ నేనే. నీ భర్తతో కలిసినప్పుడు ఏమైనా ఇబ్బందిగా ఉందా?"

అంకమ్మ మూసిన తలుపు వైపు ఒకసారి చూసింది. "నెత్తురు పడతా ఉందండి. కోతలు మొదలైనప్పటి నుంచీ."

"ఇన్నాళ్లూ చెప్పలేదేమ్మా?"

"చెప్పించానండి. బసవమ్మత్తతో."

ఆశ్రిత తలెత్తి చూసింది.

"నువ్వే పోయి పరీక్ష చేయించుకోమని ఎన్నిసార్లో చెప్పింది. జయపాల్ మా ఊరివాడే. ఆయన ముందు నాకు నోరు రాలా."

"మరి ఆ దురదా, మంటా?"

"దురద మా తోడికోడలిదండి. మంట మా పక్కింటామెది. ఆ నొప్పి, మొన్న పెళ్లైన పిల్లది. మాత్రలు తెచ్చి ఎవరివి వాళ్లకిచ్చేది. వాళ్లకి నయమైంది."

"బసవమ్మని రేపు నా దగ్గరికి తీసుకురా."

"పోయిందండి. పోయిన నెల కల్లంలో కాయలు ఎండబోస్తా పడిపోయింది. మళ్లీ లేవలా."

ఆశ్రిత పెన్ను బల్ల మీద పెట్టింది. లేచి చేతులు కడుక్కుని, అంకమ్మకి పరీక్ష చేసింది. ఎక్కడ నొప్పిగా ఉందో ఆగి ఆగి అడిగింది. గుంటూరు పెద్దాసుపత్రికి చీటీ రాసి, "రేపే వెళ్లాలి. అక్కడి డాక్టరుకి నేను ఫోన్ చేసి చెప్తాను" అంది.

అంకమ్మ చీటీ మడిచి కొంగున కట్టుకుంది.

ఆశ్రితకి ఇంకొక్కటి అడగాలనిపించింది.

"అందరి జబ్బులూ తనవేనని చెప్పుకుంటే ఊరంతా నవ్వేది కదా. బసవమ్మ భర్త ఏమీ అనేవాడు కాదా?"

అంకమ్మ తలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఆయనెక్కడండీ. బసవమ్మత్తకి పదిహేడో ఏటే మొగుడు పోయాడు."