సన్న గొట్టం

మత్తు దిగగానే ఎల్లేశం డాక్టరమ్మను అడిగాడు. "పేగు మొత్తం సూసిన్రా మేడం?"

"చూశాం. పెద్దవాళ్లకు వాడే కెమెరా గొట్టం సగంలో మలుపు దగ్గర ఆగిపోయింది. పిల్లలకు వాడే సన్న గొట్టంతో చివరిదాకా వెళ్లాం. గడ్డలేమీ లేవు. రక్తం పడేది మొలల వల్లే."

మంచం పక్కన నిలబడ్డ భార్య సారవ్వ చేతులెత్తి దండం పెట్టింది. ఎల్లేశం ముఖం మాత్రం విప్పారలేదు.

"పిల్లల గొట్టానికి అన్ని కనవడ్తయా?"

"బాగానే కనబడతాయి. నిశ్చింతగా ఉండండి," అని ఆమె వెళ్లిపోయింది.

"నాకు నమ్మబుద్ధయితలేదు," అన్నాడు ఎల్లేశం. "ఏదో మూల ఉండే ఉంటది. హైదరాబాద్ పోదాం. ఆడ ఇంకో రకం గొట్టాలుంటయట."

సారవ్వకు కోపం వచ్చింది. "ఏం లేదంటె సంబరపడాలె గని, గిట్ల అనుమానపడ్తవేంది? నీకేం కావద్దని నేను మల్లన్నకు మొక్కిన. నువ్వు మొక్కలేదా?"

"మొక్కిన." ఎల్లేశం గోడవైపు తిరిగాడు. "ఏదన్న దొరకాలని. నన్ను బొగ్గుబాయి పనికి అన్‌ఫిట్ చేస్తే, నా నౌకరి మన పోరనికి వస్తుండె."