ఎడమ కాలు

"ఆటోమేటిక్ చూపించండి. ఎడమ కాలితో పనుండదు," అన్నాడు భర్త, ఆపరేషనైన మోకాలు నిమురుకుంటూ.

"గేర్లదే ఇవ్వండి," అంది భార్య, పడకా వంటగదీ ఉండే మోటర్‌హోమ్‌ బండ్లు అమ్మే అతనితో. కొంటున్నది ఆమె పెన్షన్ డబ్బుతోనే.

"మతి పోయిందా? ఈ కాలితో నేను క్లచ్ ఎలా తొక్కను?"

"మీరెందుకు తొక్కడం?"

ముప్పయ్యేళ్లుగా ఆయన కారు తాళం ఆమె చేతికి ఇవ్వలేదు. క్లచ్ తొక్కడం నీ వల్ల కాదు, పక్కన కూర్చుని కమలాపళ్లు ఒలిచిపెట్టు అనేవాడు, నలుగురి ముందూ.

ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి కొత్త లైసెన్సు తీసి బల్ల మీద పెట్టింది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఆటోమేటిక్ అయితే ఇద్దరం నడిపేవాళ్లం కదే," అన్నాడు మెల్లగా.

"అందుకే వద్దన్నాను," అంటూ ఆమె కమలాపళ్ల సంచి ఆయన ఒళ్లో పెట్టింది.